ఆరు చిల్లుల చెక్క

తెనాలి,
జూన్ 3.

పూజ్యులు కోటిలింగం మేస్త్రి గారికి దావీదు నమస్కరించి వ్రాయునది.

ముందుగా నా తెలుగు పేదదైనందుకు మన్నించండి. పగలంతా గ్రీజులో ఉండి, రాత్రి బడిలో అరువు తెచ్చుకున్న పుస్తకాలతో నేర్చుకున్న భాష నాది. నలభై ఆరో ఏట పట్టా వచ్చింది గాని, వాక్యం ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు. తప్పులుంటే మీ కోడలు దేవిక గారు చదువుతూనే దిద్దగలరు. ఫోనులో మాట మీకు వినపడదు. దేవిక గారు మీ చెవి దగ్గర బిగ్గరగా చదివితే వినపడుతుందని విన్నాను. అందువల్ల ఉత్తరమే మార్గమని నిశ్చయించుకున్నాను.

రేపల్లె రిబ్కా గారి ట్రాక్టరు శనివారం మన షెడ్డుకు వచ్చింది. రెండేళ్ల క్రితం మీరూ నేనూ కలిసి పూర్తిగా విప్పి బిగించిన మూడు సిలిండర్ల ఇంజనే అది. మీరు షెడ్డు నాకు అప్పగించి బాపట్ల వెళ్లక ముందు మీ చేతుల మీదుగా జరిగిన ఆఖరి ఇంజను కూడా అదే. కనుక మీకు తెలియజేయకుండా దాని మీద చెయ్యి వేయడం నాకు మర్యాదగా తోచలేదు.

దాని కష్టం ఇది. బలం తగ్గింది. దమ్ము చేసేటప్పుడు బురదలో గింజుకుంటుందట. పైన టిక్కుటిక్కుమనే చప్పుడు. వాల్వు సందు సరిచేస్తే నెల రోజులు ఊరుకుని, మళ్లీ మొదలు. అక్కడి మెకానిక్కు మూడు సార్లు సరిచేశాడు.

ఆమె మరిది ప్రతాప్ గారు బండితోపాటే వచ్చారు. ట్రాక్టరు రెండిళ్లకూ ఉమ్మడి. భర్త పోయిన నాటి నుంచి ఆమే స్వయంగా నడుపుతున్నారు. నా ఎదుటే ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాస్తున్నాను: "ఆయిలు లేకుండా తోలిందండి. ఆడోళ్లకి స్టీరింగు తిప్పటం వొస్తదేమో గానీ ఇంజను మనసు తెలుస్తదా?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఇంజను మనసు ఈయన విప్పి చూత్తారు. ఏం చెప్తే అది కాయితం మీద రాయించుకుంటా," అన్నారు.

జూలై మొదటి ఆదివారం వారి చర్చి సంఘ పెద్దలు ఆ రెండిళ్ల వారినీ కూర్చోబెడతారు. ఇంజను ఆమె వల్ల చెడిందని తేలితే, కాలువ నీళ్లు వచ్చేసరికి ఆ సీటు మీద ప్రతాప్ గారు పెట్టిన డ్రైవరు కూర్చుంటాడు. ఆమె నాట్లకు కూలికి వెళ్లాలి. కనుక నేను వ్రాసి ఇచ్చే కాగితం చిన్నది కాదు.

నేటికి హెడ్డు మాత్రమే విప్పాను. వాల్వు గైడ్లలో కొద్దిగా ఆట ఉంది గాని, ఇంత చప్పుడుకు అది చాలదు. వాల్వులను నొక్కే రాకర్ల మొనలు బాగున్నవి. తదుపరి కర్తవ్యం సెలవీయగలరు.

మీ విధేయుడు,
దావీదు, బి.ఏ.


బాపట్ల,
జూన్ 8.

ఒరే దావీదూ,

నేను చెప్తన్నా, దేవిక రాస్తంది. నీ ఉత్తరం బానే ఉంది గానీ, "సెలవీయగలరు" అంటావేంట్రా, నేనేమన్నా కలెక్టరునా? పేరు పక్కన బి.ఏ. కూడానా! హెడ్డు విప్పటానికి బి.ఏ. అక్కర్లేదు, పదమూడో నంబరు పానా చాలు.

సరే ఇను. సందు సరిచేస్తే నెలకి మళ్లీ పెరుగుతందంటే పైన ఏం లేదు. పైన చూసినోడు చూసినట్టే ఉంటాడు. కింద ఏదో కరిగిపోతంది. ముందు పుష్ రాడ్లు ఆరూ తీసి గాజు పలక మీద దొర్లించు. వంకరది ఎగురుతది. అవి బాగుంటే, వాల్వు ఎంత లేస్తందో ఒక్కొక్కటీ కొలువు. ఏది తక్కువ లేస్తందో దాన్ని కింద నించి నెట్టే క్యాము మిట్ట అరిగినట్టు. అప్పుడు ఆ మిట్టల మీద ఎక్కి దిగే ట్యాపెట్లు తీసి అడుగులు చూడు. అడుగు నున్నగా అద్దంలా ఉండాలి. గుంట పడితే అదీ దొంగ.

ఇంకోటి. ఆయిలు లేకుండా తోలిందన్నాడు గదా ఆ మరిది. అట్టా అయితే ముందు పోయేది బేరింగులు. అడుగున ఆయిలు సంపు దించి బేరింగులు చూడు. చూడకుండా మాత్రం నోరిప్పమాక. ఆ అమ్మాయి నాకు తెలుసు. గాలి ఫిల్టరు తనే కడుక్కుంటది. గ్రీజు కొట్టటం నేనే నేర్పిచ్చా.

కొత్తవి వేసేసి పాతవి అవతల పారెయ్యమాక. పాతదే సాక్షి.

కోటిలింగం

అన్నయ్యగారూ, నేను దేవికనండి. మామయ్యగారు చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు, నా తప్పేం లేదండి. మీ ఉత్తరం ఆయన చెవిలో చదువుతుంటే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడింది. "ఎవరో గొప్పగా రాశారే," అని ఇస్త్రీ అతను మెచ్చుకున్నాడు. మామయ్యగారు పైకి తిడుతున్నారు గానీ, ఆ మూడు సిలిండర్ల ఇంజను పేరు వినగానే లేచి కూర్చున్నారండి.


తెనాలి,
జూన్ 13.

పూజ్యులు కోటిలింగం మేస్త్రి గారికి,

మీరు సెలవిచ్చిన క్రమంలోనే అన్నీ చేశాను. పుష్ రాడ్లు గాజు పలక మీద దొర్లించాను. ఆరూ తిన్నగా ఉన్నవి. వాల్వులు లేచే ఎత్తును డయల్ గేజితో కొలిచాను. ఒకటో సిలిండరు గాలి వాల్వు తక్కిన వాటి కంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు తక్కువ లేస్తోంది. మూడో సిలిండరు పొగ వాల్వు ఒకటిన్నర తక్కువ. సంపు దించి చూశాను. బేరింగులు వెండి గిన్నెల వలె ఉన్నవి. ఒక్క గీత లేదు. ఆయిలు లేకుండా నడిపారన్న మాట పూర్తిగా అబద్ధం. దీనిని ఎవరి ఎదుటనైనా చెప్పగలను.

తరువాత క్యామ్ షాఫ్టు తీశాను. దాని మీద ఉండే ఆరు మిట్టలలో రెండు చివరలవీ అరిగి బోడిగా అయినవి. వాటి మీద నడిచిన ట్యాపెట్ల అడుగులు గుంటలు పడినవి. మధ్యలో నాలుగు కూడా వంకరగా రాపిడి తిన్నవి.

ఇక్కడ మీతో ఒక సంగతి ఒప్పుకొనవలసి ఉంది. రెండేళ్ల క్రితం ఈ ఇంజను విప్పిన రోజు, ఏ ట్యాపెటు ఏ చోటిదో గుర్తుకు వాటిని మీరు మీ ఆరు చిల్లుల టేకు చెక్కలో వరుసగా నిలబెట్టారు. ఆ చెక్కకు అంకెలు వేద్దామని నేను ఎన్నోసార్లు అన్నాను. "అంకెలు చేతి మీద నమ్మకం లేనోడికి," అని మీరు ప్రతిసారీ త్రోసివేశారు. ఆనాడు మీరు టీకి వెళ్లినప్పుడు, నేను సూదిమొనతో ట్యాపెట్ల ఒంటి మీదే ఒకటి నుంచి ఆరు వరకు సన్నగా గీశాను. మీకు చెప్పలేదు.

ఆ అంకెలు ఇప్పటికీ ఉన్నవి. ఆరు అని గీసినది ఒకటో చోట ఉంది. అయిదు రెండో చోట. నాలుగు మూడో చోట. ఆ విధంగా చివరి వరకు. కలగాపులగం అయి ఉంటే ఒకటి రెండు అటూ ఇటూ అయ్యేవి. ఇవి మొదలు నుంచి తుది వరకు సరిగ్గా తిరగబడి ఉన్నవి. ఒక మిట్టకు అలవాటు పడిన ట్యాపెటును వేరొక మిట్ట మీద నడిపితే రెండూ ఒకదానినొకటి తినివేస్తవని మీరే నాకు నేర్పారు.

బిగించిన రోజు నేను షెడ్డులో లేను. నాకు ఆఖరి పరీక్ష. ఇంతకు మించి వ్రాయడం శిష్యుడిగా నాకు తగదు. రిబ్కా గారి కాగితంలో ఎవరి పేరూ లేకుండా, పాత అమరికలో పొరపాటు అని మాత్రమే వ్రాస్తాను. మీ గౌరవానికి లోటు రానివ్వను.

విధేయుడు,
దావీదు, బి.ఏ.


బాపట్ల,
జూన్ 18.

దావీదూ,

ఇన్నాను. దేవిక రెండు సార్లు చదివింది.

అంకెలు గీశావా. మంచి పని చేశావు. నేను చూసి ఉంటే తిట్టేవోణ్ణి. అప్పటికే నా కళ్లకి అంత సన్న గీత ఆనదు.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. అప్పటికే నా చెవులు పోయినయ్. ఆ ఏడు సంక్రాంతి ముందే పోయినయ్. ఇంజను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు హెడ్డు మీద ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకుని తల ఊపాను గుర్తుందా? నాకేం వినపళ్లేదురా. చేతికి అదురు తెలిసింది, అంతే. నలభై ఏళ్లు ఊపిన తల, అలవాటుగా ఊగింది. వినపట్టం లేదని చెప్తే షెడ్డులో నా కుర్చీ ఎవడికి కావాలి? అందుకని చెప్పలా.

కాయితంలో నా పేరు రాయి. పేరు లేకుండా రాస్తే ఆ మరిది ఆ ఖాళీలో ఆ అమ్మాయి పేరు పెట్టేస్తాడు. ముసలోడు చెవిటోడై తిరగేసి బిగిచ్చాడని రాయి. నాకింక పోయేదేం ఉంది.

ఒక్కటే నాకు అంతుబట్టంది. ఆ చెక్క మొదలు ఎప్పుడూ ఆంజనేయస్వామి పటం వైపే. నలభై ఏళ్లుగా అంతే. నీకూ తెలుసు. పటం వైపు నించి ఒకటి, రెండు, మూడు అని తీస్తా. కళ్లు మూసుకున్నా చెయ్యి అటే పోద్ది. ఆ రోజు ఎట్టా తప్పిందో. పెద్దతనం. అంతే అయ్యుంటది.

కోటిలింగం

అన్నయ్యగారూ, దేవికనండి. ఈసారి ఉత్తరం చదివేముందు కిటికీలు వెయ్యాలని నాకు తోచలేదు. సగం చదివాక వేశాను గానీ అప్పటికే వీధి విన్నది. రోజూ సాయంత్రం మా సందు చివర మోటారు సైకిళ్ల షెడ్డు దగ్గర ఆయన కూర్చుంటారు. ఆ అబ్బాయిలు మేస్త్రి గారూ అని ఏదో ఒకటి అడుగుతుంటారు. ఆ రోజు నుంచి వెళ్లటం లేదండి. వాల్వు సందులు కొలిచే ఆ పల్చటి రేకుల ఫీలర్ గేజి ఎప్పుడూ చొక్కా జేబులో పెట్టుకునేవారు. నిన్న తీసి నా చేతికిచ్చి, "పిల్లలు కోసుకుంటారు, పైన పెట్టు," అన్నారు. ఇంట్లో పిల్లలెవరూ లేరండి.


రేపల్లె,
జూన్ 22.

దావీదన్నయ్య గారికి రిబ్కా వందనాలు.

మీరు పంపిన కాగితం చేరింది. ఆయిలు లేకుండా నడపలేదని, బేరింగులు బాగున్నాయని రాశారు. అందుకు దేవునికి స్తోత్రం. కానీ మీ తర్వాత మాట నాకు పనికిరాదండి. పాత అమరికలో పొరపాటు అంటే ఎవరిది? నేను ప్రతాప్‌కి చూపిస్తే, "చూశావా, పొరపాటంట. నువ్వేగా ఊళ్లో ఆ మెకానిక్కు చేత మూడు సార్లు విప్పిచ్చింది," అన్నాడు. పేరు లేని తప్పు ఎప్పుడూ పక్కనున్న ఆడదాని మీదికే వస్తదన్నయ్యా. మీకు తెలియదు, నాకు తెలుసు.

పెద్ద మేస్త్రి గారి పేరు రాయటానికి మీకు మనసు రావట్లేదని అర్థమైంది. నాకూ నమ్మకం కలగట్లేదు. ఆయన పని నేను చూశాను. విప్పిన రోజు సాయంత్రం మీ షెడ్డుకి వచ్చాను, మీకు గుర్తుందో లేదో. ఆయన అప్పటికే ఇంటికి వెళ్లారు. మీరు కిటికీ దగ్గర బల్ల మీద పుస్తకాలు పరుచుకుని చదువుకుంటున్నారు. "రేపు ఆఖరి పరీక్ష, ప్రార్థన చేయమ్మా," అన్నారు. నా ఇంజను సామాను ఏవని అడిగితే బల్ల కిందికి చూపించి, "అన్నీ భద్రంగా ఉన్నయ్," అన్నారు. పొద్దున విప్పుతుంటే వచ్చినప్పుడు, సామాను నిలబెట్టిన ఆ చెక్క బల్ల పైనే ఉండటం చూశాను కాబట్టి అడిగాను. ప్రార్థన చేశాను కూడా. మీరు పాసయ్యారని విని సంతోషించాను.

పెద్దలు కూర్చునే ఆదివారం ఆరో తారీకు. ఒక పేరు రాసి పంపండి. ఎవరిదైనా సరే, నిజమైనది.

రిబ్కా


తెనాలి,
జూన్ 29.

పూజ్యులు కోటిలింగం మేస్త్రి గారికి దావీదు నమస్కరించి,

ఈ ఉత్తరం మూడు సార్లు వ్రాసి చించాను. మూడింటిలోను భాష బాగుంది. విషయమే సరిగా లేదు. ఇది నాలుగోది. ఇందులో భాషను చూడవద్దు.

ఆ సాయంత్రం మీరు ఇంటికి వెళ్లిన తరువాత షెడ్డులో కరెంటు పోయింది. వెలుతురు కిటికీ దగ్గర బల్ల మీదనే ఉంది. ఆ బల్ల మీద మీ ఆరు చిల్లుల చెక్క, దాని మొదలు ఆంజనేయస్వామి పటం వైపు. నాకు పుస్తకాలకు చోటు కావాలి. చెక్కను ట్యాపెట్లతో సహా రెండు చేతులా ఎత్తి బల్ల కింద పెట్టాను. చదువు ముగిసిన తరువాత తీసి యథాస్థానంలో పెట్టాను. యథాస్థానంలో అనుకున్నాను. కిందకు వంగి అవతలి వైపు నుంచి లాగిన చెక్కను, ఇవతల నిలబడి పైన పెట్టాను. మొదలు తుది అయింది. రెండు చివరలకూ గుర్తు లేదు. పటం వైపు ఏది ఉండాలో నాకు తెలుసు. ఆ క్షణాన నాకు పటం గుర్తు లేదు. మరునాటి ప్రశ్నపత్రం గుర్తుంది.

మరునాడు మీరు పటం వైపు నుంచి ఒకటి, రెండు, మూడు అని తీశారు. మీ చెయ్యి తప్పలేదు మేస్త్రి గారూ. నలభై ఏళ్లలో ఆ రోజు కూడా తప్పలేదు. మీ చేతి కింద చెక్కను నేను తిప్పాను.

ఇంకా ఉంది. జూన్ పదమూడున మీకు ఉత్తరం వ్రాస్తున్నప్పుడు, "సరిగ్గా తిరగబడి ఉన్నవి" అన్న వాక్యం దగ్గర నా కలం ఆగింది. బల్ల, పుస్తకాలు లీలగా గుర్తుకు వచ్చినవి. ఆ జ్ఞాపకాన్ని నేను విచారించలేదు. "నేను షెడ్డులో లేను" అని తరువాతి వాక్యం వ్రాశాను. ఆ వాక్యం నిజమే. నిజమైన వాక్యంతో మీ మీద తప్పు మోపాను. వాల్వులను పది సార్లు కొలిచినవాణ్ణి, నన్ను నేను ఒక్కసారి కొలుచుకోలేదు. మీ జవాబు చేరకముందే నేను పంపిన పేరు లేని కాగితానికి బదులుగా, ఎవరినీ నిందించని రిబ్కా గారి ఉత్తరం వచ్చేవరకు ఆ పని జరగలేదు.

ఇంజను మొదటిసారి స్టార్టు చేసిన రోజు ఆ చప్పుడు సన్నగా నాకు వినపడింది. మీరు తల ఊపారు. మీ తల ఊపును నమ్మి నా చెవిని కాదనుకున్నాను. మీకు వినపడదని నాకు తెలియదు, మీరు చెప్పలేదు. చెక్కను కదిపానని మీకు తెలియదు, నేను చెప్పలేదు. ఇద్దరం గౌరవం కాపాడుకున్నాం. ఇంజను పోయింది. ఒక మనిషి సీటు పోబోయింది.

చేసిన పని వివరం. క్యామ్ షాఫ్టు కొత్తది వేశాను. ట్యాపెట్లు ఆరూ కొత్తవి. గైడ్లు మార్చి వాల్వులు నూరాను. ఇది నా తప్పు కనుక నా ఖర్చు, ఆమెతో ఆ ప్రస్తావన లేదు. కొలిచాను, ఆరు వాల్వులూ సమంగా లేస్తున్నవి. నిన్న మధ్యాహ్నం స్టార్టు చేసి, మీ స్క్రూడ్రైవరు హెడ్డు మీద ఆనించి నా చెవికి పెట్టుకున్నాను. ఎక్కడా టిక్కు లేదు. అయినా తల ఊపలేదు. సందులన్నీ మళ్లీ ఒకసారి కొలిచి, అప్పుడు ఊపాను.

చెక్కకు అంకెలు వేయలేదు. మీ చెక్క, మీ మాట. పటం వైపు చివర మాత్రం ఒక ఇత్తడి మేకు కొట్టాను. చూపు ఆనకపోయినా వేలికి తగులుతుంది. తిట్టదలచుకుంటే షెడ్డుకు వచ్చి తిట్టండి. కుర్చీ అక్కడే ఉంది. నాకు చెవి ఉంది, మీకు చెయ్యి ఉంది. రెండూ కలిస్తే ఒక మేస్త్రి.

ఇక ఈ ఉత్తరం ఎవరెవరు చదవాలో వ్రాస్తున్నాను.

మీ తరువాత ఇది రిబ్కా గారికి చేరాలి. దేవిక గారు బుధవారానికి పోస్టు చేయగలరు. ఆదివారం పెద్దల ముందు రిబ్కా గారు దీనిని మొదటి నుంచి చివరి వరకు చదవాలి. ఆమె అడిగిన పేరు దావీదు. అరిగిన పాత క్యామ్ షాఫ్టునూ, అంకెలున్న ఆరు ట్యాపెట్లనూ గోనెసంచిలో కట్టి ట్రాక్టరుతో పంపుతున్నాను. కాగితాన్ని నమ్మనివారు ఇనుమును చూసుకోవచ్చు.

ఆమె తరువాత ప్రతాప్ గారు చదవాలి. ఎవరో చదవగా వినడం కాదు, తానే చేతిలోకి తీసుకుని చదవాలి. చదివిన తరువాత ఒక్కసారి ఇంజను స్టార్టు చేసి వినవలసిందిగా మనవి. సీటు మీద మాత్రం కూర్చోనక్కరలేదు.

అందరికంటే ముందు చదివేది దేవిక గారు. అమ్మా, మేస్త్రి గారిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఫీలర్ గేజి ఆయన జేబులో పెట్టండి. ఇస్త్రీ బండి దాకా, సందు చివర షెడ్డు దాకా వినపడేటట్లు చదవండి. కిటికీలు వేయవద్దు.

దావీదు